నీటి శుద్ధి – నడత శుద్ధి

శుద్ధి అను మాట మన సంభాషణలో తరచుగా వినవచ్చునదే. ఐనను దాని అర్థమును గూర్చి నిలిచి ఆలోచించువారు కొద్దిమంది. స్నానమునకై నదిలోనో, చెరువులోనో, సముద్రములోనో దిగు ప్రతి మనుష్యుడును ‘ఈ నీరు నన్ను శుభ్రపరచును’ అను విశ్వాసముతో దిగును. ‘ఈ నీరు తాను శుభ్రముగా నున్నదా?’ అని అడుగువాడు అరుదు. అట్లు అడుగుటయే అపచారమని తలచువారును కలరు. నదిని తల్లి యని పిలిచి, ఆ తల్లిని సీసాలో పట్టి పరీక్షశాలకు పంపుట తగునా యని వారి ఆక్షేపణ.

ఈ ఆక్షేపణను తేలికగా త్రోసిపుచ్చరాదు. దీని వెనుక తరతరముల భక్తి కలదు. కాని భక్తి యున్నచోట విచారణ యుండరాదను నియమము శరణుల మార్గమున లేదు. అనుభవమండపమున ప్రశ్నకు పీటవేసిన సంప్రదాయము మనది. కావున రెండు ప్రశ్నలను ముందుంచుకొని విచారింపవలసి యున్నది. స్నానజలమును పరీక్షించి, కొలతకు లోబరచి, అవసరమైనచో స్నానమును కొంతకాలము నిలుపుట భక్తికి విరుద్ధమా? విరుద్ధము కానిచో, ఆ నీటిని శుద్ధముగా నుంచు భారము స్నానము చేయువానిదా, నీటిని చెరచువానిదా?

ఈ విచారణకు నెల్లూరు జిల్లాలోని వెంకటాచలము ప్రాంతము చక్కని ఉదాహరణము. ఈ సీమకు తీపినీరు పెన్నానది నుండి వచ్చును. 1855లో నెల్లూరు కడ కట్టిన ఆనకట్ట నుండి బయలుదేరిన సర్వేపల్లి కాలువ పట్టణమును దాటి దక్షిణముగా సాగి సర్వేపల్లి చెరువును నింపును. ఆ పాత ఆనకట్టకు మారుగా 2022లో క్రొత్త బ్యారేజి ప్రారంభమైనది. తూర్పున కండలేరు ఉప్పుటేరు కృష్ణపట్నము కడ సముద్రమున కలియుచున్నది. ఇట్లు రెండు మూడామడల దూరములోనే కాలువనీరు, చెరువునీరు, ఉప్పుటేటినీరు, సముద్రజలము అను నాలుగు విధముల నీరు మనుష్యుని ఒంటిని తాకుచున్నది.

ఆ నీటిలో దిగువారెవరు? కార్తీకమాసమున మైపాడు తీరమునకు పోవు యాత్రికుడు ఒకడు. కాని అతడు సంవత్సరమున ఒకటి రెండు దినములు మాత్రమే దిగును. చాకిరేవులో మోకాలిలోతున నిలిచి బట్టలుతుకు రజకుడు, గేదెలను కడుగు కాపరి, ఉప్పుటేటిలో నడుములోతున వలవేయు జాలరి, నాట్లు ముగించి కాలువలో కాళ్లు చేతులు కడుగుకొను కూలి స్త్రీ, బడి విడిచినంతనే చెరువులో దూకు పిల్లవాడు — వీరు దినదినము దిగుదురు. స్నానజలమును గూర్చిన చర్చ వీరిని విడిచి పుణ్యతీర్థములకే పరిమితమైనచో అది సగము చర్చయే యగును.

పారునీటికి దోషము లేదను మాట మనవారిలో ప్రసిద్ధము. ఇందు సగము సత్యము కలదు. ప్రవహించు నీరు గాలినుండి ప్రాణవాయువును గ్రహించును. ఆ ప్రాణవాయువు సాయముతో నీటిలోని సూక్ష్మజీవులు మలినమును జీర్ణించుకొనును. ఎండ తగిలి, కాలము గడచినకొలది రోగకారకములైన క్రిములు చాలవరకు నశించును. పెద్దలు అనుభవముచేత గ్రహించిన సత్యమిది. కాని దీనికి మూడు షరతులు కలవు: నీరు పారవలెను, మలినము మితముగా నుండవలెను, మలినము పడినచోటికిని స్నానపు రేవునకును నడుమ చాలినంత దూరము, కాలము ఉండవలెను.

పెన్న వర్షాధారపు నది. వానలు కురిసి వరద వచ్చినప్పుడు ఉప్పొంగును. వేసవిలో విశాలమైన యిసుకతిన్నె నడుమ సన్నని పాయగా మిగులును. ఎగువన సోమశిల జలాశయము వరదను నిలిపి, అవసరమునుబట్టి వదలుచున్నది. ఇట్టి నదిలో పారునీటి సూత్రము సంవత్సరమంతయు ఒకే విధముగా వర్తింపదు. నంద్యాల మీదుగా పారి కడపజిల్లాలో పెన్నను కలియు కుందూనది, 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన కలుషిత నదీభాగముల జాబితాలో చేరినది. ఇక ఊరిగుండా పోవు ఏ కాలువకైనను ఊరి మురుగు తోడగుట సులభము. స్నానపు రేవునకు పది బారల ఎగువన ఒక మురుగుకాలువ కలిసినచో, నది తనను తాను శుద్ధిచేసికొనుటకు వ్యవధి ఏది? పెద్దల మాట అబద్ధము కాలేదు. ఆ మాట నిలుచుటకు కావలసిన షరతులను మనమే తప్పించితిమి.

కంటికి తేటగా కనబడు నీరు శుద్ధమనియు, ఎఱ్ఱగా కనబడు వరదనీరు అశుద్ధమనియు నమ్ముట మరియొక పొరపాటు. అతిసారము, విషూచి, కామెర్లు మున్నగు వ్యాధులను కలిగించు క్రిములు కంటికి కనబడవు. కావుననే చట్టము కంటిని నమ్మక కొలతను ఆశ్రయించినది. 1974లో పార్లమెంటు జలకాలుష్య నివారణ నియంత్రణ చట్టమును చేసెను. కేంద్రమునను, రాష్ట్రములందును కాలుష్య నియంత్రణ మండలులు ఆ చట్టము ననుసరించియే ఏర్పడినవి. నదులలో, బావులలో విషపదార్థములను, కాలుష్యకారకములను వదలరాదని ఆ చట్టము స్పష్టముగా నిషేధించినది. తరువాత 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమముల క్రింద 2000 సంవత్సరమున స్నానజలమునకు ప్రత్యేకముగా ప్రమాణములు ప్రకటింపబడినవి.

ఆ ప్రమాణములు సామాన్యునికి అర్థము కానివి కావు. మనుష్యుల యొక్కయు, పశువుల యొక్కయు ప్రేగులలో నివసించు కోలిఫారం అను సూక్ష్మజీవులు నీటిలో కనబడినచో, ఆ నీటిలో మలము కలసినదని అర్థము. వంద మిల్లీలీటర్ల నీటిలో, అనగా ఇంచుమించు అరగ్లాసు నీటిలో, ఇవి 500 లోపల నుండుట వాంఛనీయము. ఋతువులలోను, ప్రవాహములోను కలుగు మార్పులను దృష్టియందుంచుకొని గరిష్ఠముగా 2500 వరకు అనుమతించిరి. నీటిలో కరగియున్న ప్రాణవాయువు లీటరునకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. నీటిలోని మలినమును జీర్ణించుటకు సూక్ష్మజీవులకు కావలసిన ప్రాణవాయువు లీటరునకు 3 మిల్లీగ్రాములను మించరాదు. సముద్రస్నానమునకు ప్రమాణము ఇంకను కఠినము: వంద మిల్లీలీటర్లలో మలసంబంధమైన కోలిఫారం 100 మాత్రమే. ఈ అంకెలు నదిని అవమానించుటకు పుట్టినవి కావు. అవి నదిని ప్రశ్నించుట లేదు. నదికి మనమేమి చేసితిమని మనలను ప్రశ్నించుచున్నవి.

ఇచట వీరశైవులలో కొందరు వేరొక విధముగా పలుకవచ్చును. ‘ఇష్టలింగమును దేహముపై ధరించిన భక్తునకు తీర్థయాత్రలతో పనిలేదు. నీట మునిగినంత మాత్రమున పాపము పోవునని మన మార్గము బోధింపదు. కావున ఈ గొడవ తీర్థములను నమ్మువారిది, మనకేల?’ అని. ఈ వాదమున మొదటి భాగము ఒప్పు. చివరి భాగము తప్పు.

బసవేశ్వరుడు విద్య నార్జించినది, కడపట లింగైక్యము నొందినది కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమముననే. రెండు నదుల కూడలిలో నివసించిన మహనీయుడే, నడత మారక చేయు స్నానము వ్యర్థమని బోధించుట గమనింపదగినది. ఐతే ఆయన బాహ్యశుద్ధిని తిరస్కరింపలేదు. ప్రసిద్ధమైన సప్తశీల వచనమున అంతరంగశుద్ధిని, బహిరంగశుద్ధిని ప్రక్కప్రక్కనే నిలిపి, ఆ రెండింటిని నడవడి నుండియే రాబట్టెను. దొంగతనము, హింస, అసత్యము, పరనింద మున్నగువానిని విడుచుటయే ఆ శుద్ధి. ఈ దృష్టితో చూచినచో, తన యింటి మురుగును, తన కర్మాగారపు విషమును పొరుగువాడు స్నానము చేయు నీటిలో వదలుట ఏ కోవకు చెందును? అది పరుల ఆరోగ్యమును అపహరించుట, కనబడని హింస, ‘నీరు బాగుగనే యున్నది’ అని పలికినచో అసత్యము కూడ. నదీస్నానము పుణ్యమా కాదా యను చర్చతో నిమిత్తము లేకయే ఇది శీలభంగము. తీర్థమును నమ్మనివానికి సైతము ఇందు తప్పించుకొను త్రోవ లేదు.

అంతియే కాదు. శరణుల సమాజమున నీటిలో నిలిచి పనిచేసినవారు కలరు. పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదలో రచించిన బసవపురాణమున మడివాలు మాచయ్య చరిత్ర కలదు. ఆయన కాయకము బట్టలుతుకుట. అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. కాయకమును కైలాసముగా భావించు సమాజమునకు, ఆ కాయకము జరుగు చోటు కూడ గౌరవింపదగినదే. చాకిరేవు నీరు రోగమును పుట్టించుచున్నచో, మాచయ్యకు మ్రొక్కుచు నేటి రజకుని కాళ్లపై పుండ్లను చూడకుండుట భక్తి యనిపించుకొనదు. అష్టావరణములలో పాదోదకమున కున్న స్థానము మన మెరుగుదుము. లోనికి తీసికొను నీటిని అంత పవిత్రముగా భావించు మార్గము, ఊరివారి ఒంటిని తాకు నీటిని గూర్చి ఉదాసీనముగా నుండజాలదు.

శుద్ధి అను మాట మన దేశమున ఎట్లు దారితప్పినదో చూపు ఘట్టమొకటి చరిత్రలో కలదు. మహారాష్ట్రలోని మహాడ్‌లో చవదారు చెరువు ప్రజలందరిదని పురపాలక సంఘము తీర్మానించినను, అస్పృశ్యులని పిలువబడినవారిని ఆ నీటిని తాకనిచ్చెడివారు కారు. 1927 మార్చి 20న డాక్టర్ భీమరావు అంబేడ్కర్ తన అనుచరులతో వెళ్లి ఆ చెరువు నీరు త్రాగెను. అటుపిమ్మట అగ్రవర్ణములవారు చెరువు మైలపడినదని తలచి, గోమయ గోమూత్రములను కుండలతో తెచ్చి దానిలో కుమ్మరించి ‘శుద్ధి’ జరిపిరి. నేటి కొలతతో చూచినచో, దాహమునకు నీరు త్రాగిన మనుష్యులవలన ఆ చెరువు చెడలేదు. శుద్ధి పేరిట పోసిన పశువుల మలమూత్రములవలననే చెడినది.

ఈ ఘట్టము నుండి గ్రహింపవలసిన విషయము గంభీరమైనది. పాత శుద్ధినియమము మనుష్యునిలో మైలను వెదకెను. అతని పుట్టుకను అడిగి రేవునుండి తరిమెను. కొలతపై నిలిచిన నియమము నీటిలో మలినమును వెదకును. ఎవని కులమును అడుగదు. ఎవని ఒంటిని దూషింపదు. పుట్టుకచేత ఎవడును అశుద్ధుడు కాడని చాటిన శరణుల ధర్మమునకు ఈ రెండవ నియమమే సన్నిహితము. కావున స్నానజలమునకు ప్రమాణము లేర్పరచుట భక్తికి విరుద్ధమా యను మొదటి ప్రశ్నకు సమాధానము లభించినది. విరుద్ధము కాదు సరికదా, శుద్ధి అను మాటను అన్యాయమునుండి విడిపించి సత్యముపై నిలుపుటకు అది సాధనము.

ఇక రెండవ ప్రశ్న. భారము ఎవరిది? దీనికి వెంకటాచలమునకు తూర్పుననున్న కండలేరు ఉప్పుటేరే పాఠము చెప్పుచున్నది. 1990 దశాబ్దపు తొలినాళ్లలో నెల్లూరు తీరమున రొయ్యల గుంటలు విరివిగా త్రవ్విరి. ఉప్పుటేటి నీటినే గుంటలకు తోడుకొనుట, మేతల వ్యర్థములతో నిండిన నీటిని తిరిగి అదే ఏటిలోనికి వదలుట సాగెను. ఒకరు వదలినదే మరియొకరు తోడుకొనిరి. మరునాడు తాము వదలినదే తామును తోడుకొనిరి. 1994–95లో తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు అది నీటివెంట గుంటనుండి గుంటకు ప్రాకెను. పెట్టుబడి పెట్టినవారు, కూలికి వచ్చినవారు కూడ నష్టపోయిరి. తీరప్రాంతపు రొయ్యల పెంపకముపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు కఠినమైన తీర్పునిచ్చెను. 2005లో తీరప్రాంత జలచరాల పెంపకమును నియంత్రించుటకు పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసెను. కర్మఫలము జన్మాంతరమున అనుభవమునకు వచ్చునని చెప్పుదురు. ఉప్పుటేటిలో అది ఒక పంటకాలములోనే అనుభవమునకు వచ్చినది.

ఐతే గుంటల యజమాని తాను చేసినదానిని కొంతవరకైనను తాననుభవించెను. ఏ గుంటయు లేక, వలమాత్రమే కల జాలరి ఏమి చేసెనని ఆ నీటిని భరింపవలెను? ఇచటనే న్యాయప్రశ్న తలయెత్తుచున్నది. నీటిని చెరచువాడు ఎగువన నుండును. బాధపడువాడు దిగువన నుండును. ఇద్దరును ఒకరినొకరు చూడరు. చూడకపోవుటచేతనే ఎగువవాని మనస్సాక్షి నిద్రించును. అతనికి దిగువవాడు కనబడునట్లు చేయుటయే నియమము యొక్క అసలు పని. రేవులో కట్టిన కొలతల పలక, దిగువవాని పక్షమున ఎగువవానికి వ్రాసిన ఉత్తరము వంటిది.

నియంత్రణమనగానే అధికారులకు సులభముగా తోచునది నిషేధము. ‘ఇచట స్నానము చేయరాదు’ అని పలక నాటినచో పని తీరినదని తలచుట కలదు. అట్టి పలక రోగమును కొంత ఆపవచ్చును. కాని మురుగుకాలువ అట్లే పారుచుండగా స్నానము చేయువానిని మాత్రమే ఆపినచో, చెరచినవాడు నిశ్చింతగా నుండును, చెరుపబడినవాడు శిక్ష ననుభవించును. ఇంటిలో స్నానపు గది కలవానికి ఆ పలక యొక అసౌకర్యము మాత్రమే. చెరువు తప్ప వేరు దిక్కు లేనివానికి, రేవే జీవనాధారమైనవానికి అది దండన. కావున తాత్కాలికముగా స్నానమును నిలిపినచోట ప్రత్యామ్నాయముగా శుభ్రమైన నీటిని సమకూర్చుటయు, మురుగును మళ్లించుటకు గడువు నిర్ణయించుటయు నిషేధముతో కూడ రావలెను. ఇవి లేని నిషేధము ధర్మము కాజాలదు.

ఇతర దేశముల అనుభవమును చూచినను ఇదియే తేలుచున్నది. ఐరోపా దేశములు 1975లోనే స్నానజలముల నాణ్యతను గూర్చి ఉమ్మడి ఆదేశము చేసికొనినవి. 2006లో దానిని సవరించి, ప్రతి స్నానస్థలమును నాలుగు తరగతులలో ఒకదానియందు చేర్చి ఆ సంగతిని జనులకు కనబడునట్లు ప్రకటింపవలెనని నియమించినవి. వరుసగా అయిదేండ్లు అధమతరగతిలో నున్నచోట స్నానమును శాశ్వతముగా నిషేధించుటయో, వలదని శాశ్వతముగా సలహా యిచ్చుటయో చేయవలెను. ప్యారిస్ నగరమున సేన్ నదిలో స్నానమును 1923లో నిషేధించిరి. నూరేండ్లకు పైగా గడచినపిమ్మట, మురుగును అదుపుచేయుటకు విశేషముగా ధనము వెచ్చించి, 2025 జూలైలో మరల జనులను దిగనిచ్చిరి. నేడును భారీవర్షము కురిసి మురుగు పొంగినచో ఆ దినమున రేవులను మూయుదురు. అచట నిషేధము అంతిమ లక్ష్యము కాలేదు. నదిని తిరిగి జనులకు అప్పగించుటయే లక్ష్యమైనది.

మన దేశమున 2025లో ప్రయాగ మహాకుంభమేళా సమయమున జరిగిన చర్చ కూడ ఆలోచింపదగినది. ఆ యేడు ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ హరిత న్యాయాధికరణమునకు సమర్పించిన నివేదికలో, పలుచోట్ల పలు సందర్భములలో మలసంబంధ కోలిఫారం పరిమితిని మించినదని తెలిపెను. తరువాతి నివేదికలో, నమూనా లన్నింటి మధ్యస్థ విలువ 1400 అనియు, అది 2500 లోపలనే యున్నదనియు, కావున నీరు స్నానయోగ్యమనియు పేర్కొనెను. ఒక నది స్థితిని మొత్తముగా తెలిసికొనుటకు మధ్యస్థ విలువ ఉపయోగపడును. దానిని తప్పుపట్ట నక్కరలేదు. కాని మధ్యస్థ విలువలో ఎవడును స్నానము చేయడు. ఒక్కొక్కడు ఒక్కొక్క దినమున, ఒక్కొక్క రేవులో దిగును. ఆ దినమున, ఆ రేవులో నీరెట్లున్నదో తెలిసికొనుట అతని హక్కు. వృద్ధురాలిని, పసిబిడ్డను వెంటబెట్టుకొని దూరదేశమునుండి వచ్చినవానికి, దిగుటకు ముందు తెలుపని సత్యము మేళా ముగిసిన తరువాత నివేదికలో కనబడి ఏమి ప్రయోజనము? సత్యమునకు కూడ సమయము కలదు.

స్నానమును నిలిపినచో భక్తులు నొచ్చుకొందురను భయము కొందరికి కలదు. 2020లో తుంగభద్రా పుష్కరములు వచ్చినప్పుడు కోవిడ్ వ్యాధి కారణముగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నదిలో మునుకలను నిరోధించెను. జనులు అర్థము చేసికొనిరి. భక్తికి లోపము రాలేదు. కారణమును ముందుగా, దాపరికము లేక తెలిపినచో జనులు సహింతురు. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. రేవులకు రంగులు వేయుటకును, దీపములు కట్టుటకును చూపు శ్రద్ధలో కొంత నీటిపరీక్షకు చూపినచో అది యాత్రికులకు చేయు నిజమైన సేవ.

విశాఖపట్టణపు ఋషికొండ తీరము 2020లో నీలిపతాక గుర్తింపును పొందినది. స్నానజలమును క్రమముగా పరీక్షించుట ఆ గుర్తింపునకు ఒక షరతు. పర్యాటకుడు దిగు నీటిని పరీక్షించుట మంచిదే. అదే పరీక్ష పల్లెలోని చాకిరేవునకు ఏల జరుగరాదు? పేదవాని ఒంటికిని, ధనవంతుని ఒంటికిని క్రిములు భేదము చూపవు. భేదము చూపునది మన శ్రద్ధ మాత్రమే.

మఠములును, లింగాయత కుటుంబములును ఈ విషయమున చేయదగిన పని చాల కలదు. కోనేరు గాని, రేవు గాని కల ప్రతి మఠము, జాతరకు కొన్ని దినముల ముందుగా నీటిని పరీక్షింపజేసి, ఫలితమును తెలుగున, పెద్ద అక్షరములలో, తేదీతో సహా ద్వారము కడ ప్రకటింపవచ్చును. ఫలితము బాగుండనిచో ఆ సంగతిని దాచక, స్నానమును నిలిపి, బిందెలతో మంచినీరు సమకూర్పవచ్చును. దాసోహపు వంటశాల నుండి వచ్చు కడుగునీరు, మరుగుదొడ్ల మురుగు కోనేటివైపు పోకుండునట్లు చూచుట మొదటి పని. పరులను ప్రశ్నించుటకు ముందు తన కాలువను తాను చూచుకొనవలెను గదా! పాతబట్టలు, ప్లాస్టిక్ సంచులు, సబ్బునురుగు నీటిలో విడువరాదని యాత్రికులకు చెప్పుట రెండవ పని. గ్రామపంచాయతీని, కాలుష్య నియంత్రణ మండలిని వ్రాతమూలకముగా అడిగి, ఊరి చెరువునకును చాకిరేవునకును పరీక్ష జరుగునట్లు చూచుట మూడవది. వీనిలో ఏదియు అసాధ్యము కాదు. ఏదియు భక్తికి వెలుపలిది కాదు.

నీటికి స్వభావముచేత పాపపుణ్యములు లేవు. అది తనలో పోసినదానిని మోసికొనిపోయి తరువాతివానికి అందించును. పాలు పోసినచో పాలు, విషము పోసినచో విషము. ఒక సమాజము తన పొరుగువానిని ఎట్లు చూచుచున్నదో తెలిసికొనగోరువాడు ఆ సమాజపు దిగువరేవునకు పోయి అరగ్లాసు నీరు పట్టి చూచిన చాలును. ఆ నీటిలోని అంకె తగ్గినకొలది మన నడత శుద్ధమగుచున్నదని గ్రహింపవచ్చును. బహిరంగశుద్ధికి అదియే గుర్తు. అంతరంగశుద్ధికి అదియే సాక్ష్యము.